అచ్చం కంపెనీ ఫిట్టింగ్

గురునాథంగారికి కారు నడపడం బాగా వచ్చు. ఎటు నడపాలో తెలియదు.

ఈ రెండో విద్య నేర్చుకునే అవసరం ఆయనకి రాలేదు. రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా ఎడమపక్క సీట్లో భార్య సుభద్ర ఉండేది. రాయ్‌పూర్ మొత్తం ఆవిడకి నోటికి వచ్చు. "ఆ గేదెల దగ్గర కుడికి తిప్పండి" అనేది. మరోసారి వెళ్ళేటప్పటికి అక్కడ గేదెలు ఉండేవి కావు. "పోయినసారి గేదెలున్న చోట తిప్పమంటే అలా చూస్తారేంటి?" అనేది. ఆయన తిప్పేవారు. గమ్యం వచ్చేది.

సుభద్ర పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆయన ధైర్యంగా వెళ్ళగలిగేవి తెలుగు సంఘం గుడి, పెన్షన్ బ్యాంకు, కూరగాయల మార్కెట్టు. మిగతా భారతదేశమంతా దైవాధీనం. ఒకసారి మందిర్ హసౌద్‌లో పెళ్ళికని బయల్దేరి అభన్‌పూర్‌లో తేలారు. అక్కడా ఓ పెళ్ళి జరుగుతోంది, భోజనాల వేళయింది. వెంట ఉన్న అత్తగారు తాయారమ్మ "వచ్చాం కదా, అక్షింతలు వేసి పోదాం" అన్నారు. వేశారు. భోంచేశారు. కవరు చదివించి ఫోటో కూడా దిగారు. ఆ ఫోటోలో ఇద్దరు ముసలివాళ్ళూ ఎవరి తరఫు వాళ్ళన్న తగువు ఆ ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉండాలి.

తాయారమ్మగారు కూతురికి జబ్బు చేసినప్పుడు సాయానికని ఊళ్ళోనే ఉన్న కొడుకు ఇంటినుంచి వచ్చారు. కూతురు పోయింది. ఆవిడ వెళ్ళలేదు, ఈయన వెళ్ళమనలేదు. ఆ విషయం మీద ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా జరగలేదు. అసలు వాళ్ళ మధ్య మాటలే తక్కువ. శ్రీకాకుళం వైపు పాత మర్యాద. ఇంట్లో అల్లుడి ఎదుట అత్తగారు కూర్చోరు. వంటింటి గుమ్మంలోంచి "కాఫీ అయింది" అని తలుపు కర్టెనుకి చెబుతారు. ఈయన ఆ కర్టెనుకే "ఊఁ" అంటారు. చల్లారిపోతే అడక్కుండానే మళ్ళీ వేడిచేసి పెడతారు. సాయంత్రం పేపరు పైకి చదివితే ఆవిడ లోపల్నించి వింటారు, చావు వార్తలు వచ్చినప్పుడు మాత్రం "వయసెంత?" అని అడుగుతారు. తనకంటే చిన్నవాళ్ళయితే నాలుక చప్పరిస్తారు. ఒంటరి మనిషికి ఇంతకంటే ఏం కావాలని గురునాథంగారికి అప్పుడప్పుడూ అనిపించేది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఇది తెగగొట్టడానికి బావమరిది ఈశ్వర్ ఓ ఆదివారం గుడియారీలోని ఆయన ఇంటికి వచ్చాడు. ఈశ్వర్ సిల్తరాలో ఓ స్టీలు ఫ్యాక్టరీలో మేనేజరు. మందిర్ హసౌద్ దగ్గర కొత్త ఫ్లాట్ కొన్నాడు.

"రేపు కాక పై సోమవారం గృహప్రవేశం బావా. అమ్మని ఇంక మాతో పంపించెయ్యి. అక్క లేని ఇంట్లో అత్త ఉండడమేటి? జనం నవ్వుతున్నారు."

"ఎవరు నవ్వుతున్నారు?"

"నేను నవ్వుతున్నాను కదా, సరిపోదా?" అన్నాడు ఈశ్వర్, ఏమాత్రం నవ్వకుండా. "జోకు కాదు బావా. రేపు అమ్మకి గుండెనొప్పి వస్తే ఏం చేస్తావు? కూరగాయల మార్కెట్టుకి తీసుకెళ్తావా?"

నిజానికి అక్కడికైతే గురునాథంగారు తొందరగానే తీసుకెళ్ళగలరు.

"నువ్వు మంచోడివే. బిల్కుల్ మంచోడివి. కానీ దారి తెలీని మనిషి చేతిలో మా అమ్మని ఎలా వదలమంటావు?"

"తెలీకపోవడమేమిటి? వస్తాం. నేనే తీసుకొస్తాను, ముహూర్తానికి."

"పక్కా?"

"పక్కా."

"చలో, ఒక మాట. పాలు పొంగే వేళకి నువ్వు స్వయంగా అమ్మని మా గడప ముందు దింపితే ఈ మాట మళ్ళీ ఎత్తను. లేదా, అమ్మ పెట్టె మా ఇంటికొస్తుంది. సరేనా?"

వంటింట్లో తాయారమ్మగారు వెల్లుల్లి ఒలుస్తున్నారు. "నన్నెవరూ అడగరేటి" అన్నారు, వెల్లుల్లితో.

అడగాలని గురునాథంగారికి ఉంది. "మీరు ఇక్కడే ఉండండి" అన్నది చిన్న మాటే. కానీ కన్న కొడుకు రమ్మంటుంటే అల్లుడు ఉండమనడం ఏం మర్యాద? పైగా ఏ హక్కుతో అనాలి? హక్కు మూడేళ్ళ కిందటే గోడ మీద ఫోటో అయింది. అందుకని ఆయన ఆవిడతో మాట్లాడడం మానేసి, మగవాళ్ళందరూ చేసే పనే చేశారు. ఒక యంత్రం కొనడానికి వెళ్ళారు.

ఫోనులో మ్యాపు ఉండగా దారి చెప్పే ఈ తెర ఎందుకంటే, అది ప్రయత్నించి చూసిందే. హోల్డరులోంచి ఊడి క్లచ్చు పక్కన పడి అక్కడినుంచే దారి చెప్పింది. కాళ్ళ దగ్గర్నుంచి ఆడగొంతు వినిపిస్తుంటే బ్రేకు తొక్కడానికి గురునాథంగారికి మొహమాటం వేసింది. తనకి కావలసింది కారులో పుట్టినట్టుండే వస్తువు. వైర్లు వేలాడకూడదు, ఊడిపడకూడదు.

ఫాఫాడీ రోడ్డులో ఉమేష్ దుకాణం. ఉమేష్ కారు స్టీరియోల మనిషి, ఒక్కమాట అడిగితే పది చెబుతాడు. తాయారమ్మగారు కూడా వెంట వెళ్ళారు, గుడికి దారిలోనే కదా అని. ఆవిడని ఓ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించి, ఉమేష్ హిందీలో మొదలుపెట్టాడు.

"అంకుల్‌జీ, డ్యాష్‌బోర్డు కొయ్యను. కన్నం పెట్టను. వైరు కత్తిరించను. పాత ప్లగ్గు తీసి కొత్త ప్లగ్గు పెట్టడమే. మీ కారులో పై మోడలుకి కంపెనీవాడు ఇచ్చిన తెర ఉంది చూశారూ, అచ్చం అదే. అదే బూడిదరంగు. బటన్ల వెనక అదే పచ్చ లైటు."

"కంపెనీదేనా?"

"కంపెనీది కాదు, కంపెనీది లాంటిది. కంపెనీవాడొచ్చి చూసినా తనదే అనుకుని గ్యారంటీ ఇచ్చేస్తాడు."

పాత క్యాసెట్ స్టీరియోని బయటికి లాగితే లోపల ఓ క్యాసెట్ ఇరుక్కుని ఉంది. ఉమేష్ గొంతు తగ్గించాడు. "ఆంటీజీ విన్న పాటలేమో అంకుల్. జాగ్రత్తగా తీస్తాను." తీశాడు. అది బరువు తగ్గడం మీద ఓ యోగా గురువు ఉపన్యాసం. పక్కింటివాళ్ళది. కొట్టేశారని వాళ్ళు ఏళ్ళ తరబడి పాలవాణ్ణి అనుమానించారు. గురునాథంగారు దాన్ని చూసి చాలాసేపు నవ్వారు. సుభద్ర ఉంటే ఇంకా గట్టిగా నవ్వేది.

కొత్త తెర ఖాళీలో ఎక్కడా సందు లేకుండా కూర్చుంది. ఆఖర్న ఉమేష్ అగ్గిపెట్టెలో సగమంత నల్లటి ముక్కొకటి తీసి, అద్దం కింద డ్యాష్‌బోర్డు మధ్యలో అంటించాడు. అక్కడ అంతవరకూ ఇత్తడి వెంకటేశ్వరస్వామి ఉండేవాడు. ఆయన్ని ఎడమ మూలకి జరిపాడు.

"ఇదే యాంటెన్నా. కారు ఎక్కడుందో దీనికే తెలుస్తుంది. దీనికి ఆకాశం కనపడాలి. పైన ఏమీ పెట్టకండి. ఇనుము, ఇత్తడి అసలే వద్దు. గుడ్డిదైపోతుంది."

"హాఁ, హాఁ" అన్నారు గురునాథంగారు. ఆయన బటన్లు నొక్కి పచ్చలైటు వెలగడం చూస్తున్నారు. ఒక్క మాటా చెవికెక్కలేదు. స్టూలు మీద తాయారమ్మగారు టీ సాసర్లో పోసుకుని వచ్చేపోయే బస్సుల్ని చూస్తున్నారు.

టాటీబంధ్ దాకా వెళ్ళి వచ్చి చూశారు. యంత్రంలోని అమ్మాయి కుడి అన్నచోట కుడి ఉంది, ఎడమ అన్నచోట ఎడమ ఉంది. ఆ చౌరస్తాలో ట్రక్కుల మధ్య నలిగిపోకుండా బయటపడడం గురునాథంగారి జీవితంలో మొదటిసారి. దుకాణం ముందు ఆగగానే "మీరు చేరుకున్నారు" అందా అమ్మాయి హిందీలో. ఆయన "ధన్యవాద్" అన్నారు. అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకున్నారు.

సోమవారం పొద్దున్నే స్నానం చేసి, తెర మీద మందిర్ హసౌద్ ఫ్లాట్ అడ్రసు నొక్కి సిద్ధం చేసుకున్నారు. ఇంతలో తాయారమ్మగారు పళ్ళెంతో వచ్చారు. కొత్త వస్తువు వచ్చాక బండికి పూజ జరగలేదట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తెరకి మూడుచోట్ల పసుపు, కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత మూలనున్న స్వామిని రెండు చేతులతో ఎత్తి, ఓ చిన్న ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టి, పళ్ళెంతో సహా తీసుకొచ్చి డ్యాష్‌బోర్డు మధ్యలో ఆ నల్లముక్క మీద ప్రతిష్ఠించారు.

"పీట బాగా కుదిరింది" అన్నారు.

గురునాథంగారికీ అలాగే అనిపించింది. బీకాం చదివినవారే కానీ, పూజ జరుగుతుంటే ప్రశ్నలు వెయ్యకూడదన్నది కాలేజీ తర్వాత సుభద్ర దగ్గర పూర్తిచేసిన చదువు.

బండి గేటు దాటిందో లేదో వెనకసీట్లోంచి మరో మాట వచ్చింది. "సోమవారం తూర్పుకి వారశూల. తిన్నగా పోకూడదు. ముందు పడమటికి పోయి, చుట్టూ తిరిగి పోదాం."

"అత్తయ్యగారూ, అక్కడికి అందరూ తూర్పుకే కదా వెళ్ళాలి? ముహూర్తం పెట్టిన పంతులుగారు చూసుకోలేదా?"

"పంతులుండేది మందిర్ హసౌద్‌లోనే. ఆయనకేటి శూల?"

కాదనలేక ఆయన పడమటికి తిప్పారు. యంత్రంలోని అమ్మాయి వెనక్కి తిరగమంది. మళ్ళీ అంది. కాసేపటికి గొంతు తడబడినట్టు ఆగిపోయింది. టాటీబంధ్ చేరి రింగురోడ్డు పట్టుకునేసరికి తెర మీద బాణం గుర్తు పిచ్చెక్కినట్టు తిరగడం మొదలుపెట్టింది. ఓసారి రైలు పట్టాల మీద ఉంది. ఓసారి ఏదో ఆటస్థలంలో ఉంది. గురునాథంగారు కళ్ళజోడు సర్దుకుని చూస్తే కారు తేలీబాంధా చెరువు నడిమధ్యలో ఉంది.

"చెరువులో ఉన్నామేటి?" అన్నారు తాయారమ్మగారు ముందుకి వంగి. "అందుకే ఏసీ చల్లగా ఉంది."

"కొత్తది కదా, సర్దుకుంటుంది లెండి."

సర్దుకుంది. హఠాత్తుగా ప్రాణం వచ్చినట్టు "ఎడమకి తిరగండి" అంది. ఆయన ఎంతో విశ్వాసంతో ఎడమకి తిరిగారు. అదొక రైస్‌మిల్లు గేటు. లోపలికి పోగానే ఎవరో చెయ్యి ఊపి ముందుకి, ఇంకాస్త ముందుకి రమ్మన్నాడు. ఈయన వెళ్ళారు. చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆపారు. ధరమ్‌కాంటా మీద, లారీల్ని తూకం వేసే చోట నిలబెట్టాడని తెలిసేలోపే తూకం అయిపోయింది. తలుపు తీసి చూసి "ధాన్యం ఏది?" అని అడిగాడు.

"ధాన్యం లేదు. మా అత్తగారు."

మిల్లు మనిషి వెనకసీట్లోకి తొంగిచూసి నమస్కారం పెట్టాడు. తాయారమ్మగారు అద్దం దించి, "బాబూ, నా ఒక్కదాని బరువు ఎంతొచ్చింది?" అని హిందీలో కనుక్కున్నారు. అలా విడిగా చెప్పడానికి కుదరదని అతను చాలా నొచ్చుకుంటూ చెప్పాడు.

అక్కణ్ణించి బయటపడి, అమ్మాయి చెప్పిన రెండు మలుపులు తిరిగి, చెప్పని మలుపు ఒకటి సొంతంగా తిరిగారు. ఇళ్ళు తగ్గిపోయాయి. ఫోను మోగింది. ఈశ్వర్.

"ఎక్కడున్నావు బావా?"

"దగ్గరికి వచ్చేశాం."

"పక్కన ఏటి కనపడుతోంది?"

గురునాథంగారు అటూ ఇటూ చూశారు. "వరి."

"బావా, ఛత్తీస్‌గఢ్ అంతా వరే!"

ఫోను పెట్టేశాక ఆయన వేగం పెంచారు. దారి తెలియనప్పుడు వేగం పెంచితే ఏమవుతుందో ఆయనకి తెలియంది కాదు. అయినా పెంచారు. బాణం గుర్తు మళ్ళీ చెరువులో దిగింది. దారిపక్క బోర్డు మీద అభన్‌పూర్ అని కనిపించింది. మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఈశ్వర్ అరవలేదు. వెనక మంత్రాలు, ఎవరిదో దగ్గు, ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

"పాలు పొంగేయి బావా. ఎంతసేపని ఆపుతాం? అందరం లోపలికి వచ్చేశాం. మెల్లిగా రండి. సాయంత్రం నేనొచ్చి అమ్మ పెట్టె తెచ్చుకుంటాను. ఏమీ అనుకోకు."

ఆ ఆఖరి ముక్కే ఆయనకి తగిలింది. తిట్టినా బాగుండేది. కారు రోడ్డు పక్కన ఆపి ఇంజను కట్టేశారు. తెర చీకటైంది. పొలాల్లో కొంగలు అటూ ఇటూ నడుస్తున్నాయి, వాటికి ఏ ముహూర్తమూ లేదు.

"అత్తయ్యగారూ, నావల్ల..." అని ఆగిపోయారు.

"పాలు పొంగేయంటా?"

"పొంగాయట."

"అందరూ గడప దాటేశారా?"

"దాటేశారట."

"అమ్మయ్య" అన్నారు తాయారమ్మగారు. సీటుకి ఆనుకుని కూర్చున్నారు. "అల్లుడుగారూ, ఆ దేవుణ్ణి కాస్త పక్కకి జరపండి. పాపం ఆ పిల్లకి ఆకాశం కనపడటం లేదు."

గురునాథంగారు దేవుణ్ణి చూశారు. దేవుడి కింద ఇత్తడి పళ్ళెం. పళ్ళెం కింద నల్లముక్క. ఉమేష్ చెప్పిన మాటలు అప్పుడు, ఇంత ఆలస్యంగా, ఒకటొకటీ చెవుల్లో పడ్డాయి. వెనక్కి తిరిగారు. అత్తగారి మొహంలోకి తిన్నగా చూడడం ఆయనకి అదే మొదలు.

"మీకు తెలుసా?"

"ఏభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఆ ఉమేషుగాడి హిందీ నాకు తెలీదేటి?"

"తెలిసే పెట్టారా? దేవుణ్ణి అడ్డం పెట్టారా?"

"ఇన్నేళ్ళు చేయించుకున్నాడు పూజలు. ఒక్క పూట అడ్డం నిలబడితే అరిగిపోతాడా?" అని, ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మీరు పందెం నెగ్గినా, ముహూర్తానికి గడప దాటితే నేను ఆ ఇంటి మనిషినే. దీపం నా చేతికిస్తారు. రాత్రి అక్కడే నిద్ర చెయ్యమంటారు. ఇంక కదలనివ్వరు. తరవాత వెళ్తే చుట్టాన్ని. చుట్టాన్ని ఎవరూ పెట్టె తెచ్చుకోమనరు."

"ఈశ్వర్‌తో రానని చెప్పొచ్చు కదా?"

"కొడుకండీ. వద్దంటే ఏడుస్తాడు. శాస్త్రం అడ్డొచ్చిందంటే ఏడవడు."

"మరి నాకైనా ఓ మాట..."

"మీకు చెప్తే మీ మొహం చూసి వాడు పట్టేస్తాడు. మీ మొహంలో ఏదీ దాగదని మా సుభద్ర ఊరికే అనేదా?"

"అయితే వారశూల కూడా అబద్ధమేనా?"

"ఛీ, శూల నిజం" అన్నారావిడ నొచ్చుకుంటూ. "ఆ బియ్యం మిల్లు మాత్రం నేననుకోలేదు."

ఒక ట్రాక్టరు పక్కనుంచి పోయింది. తర్వాత తాయారమ్మగారే అన్నారు, ఈసారి కిటికీతో. "మూడేళ్ళయింది. ఉండమని మీరూ అనలేదు కదా."

గురునాథంగారు ముందుకి తిరిగి స్టీరింగు పట్టుకున్నారు. బండి కదలకపోయినా పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి.

"ఉండండి" అన్నారు.

"ఏటీ? వినపడలేదు."

"ఇక్కడే ఉండండి అత్తయ్యా. మన ఇంట్లో."

"ఆ ముక్కేదో గుడియారీలో అంటే ఇంత పెట్రోలు తగలడేది కాదు" అన్నారు తాయారమ్మగారు. "పదండి, ఆకలేస్తోంది."

దేవుడు మూలకి జరిగాడు. ఇంజను వెయ్యగానే బాణం చెరువులోంచి లేచి, తడి కూడా ఆరకుండా తిన్నగా అభన్‌పూర్ రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా కొత్త దారి చెప్పింది. నయా రాయ్‌పూర్ ఖాళీ రోడ్ల మీదుగా, ఎక్కడా తడుముకోకుండా, సరిగ్గా ఈశ్వర్ ఫ్లాట్ ముందు దించి "మీరు చేరుకున్నారు" అంది.

హోమం పొగకి ఎర్రబడ్డ కళ్ళతో ఈశ్వర్ ఎదురొచ్చాడు. "ఏటి బావా, అంత పెట్టి మిషను పెట్టించావు. ఏటయింది?"

యంత్రం తప్పేమీ లేదని చెప్పడానికి గురునాథంగారి నాలుక దురద పెట్టింది. అంత మంచి వస్తువు మీద నింద పడుతుంటే బాధగా కూడా ఉంది.

"దారి తప్పాను" అన్నారు.

"నేను చెప్పలేదా? అందుకే అమ్మని..."

"ఒరే ఈశ్వరూ" అన్నారు తాయారమ్మగారు, గుమ్మం బయటే నిలబడి. "కాళ్ళకి నీళ్ళివ్వు. చుట్టాలొస్తే ఇలాగేనా నిలబెట్టడం?"

"చుట్టాలేటి అమ్మా?"

"పాలు పొంగాక, గడప దాటాక వచ్చినోళ్ళు చుట్టాలే కదా. నా రాత అలాగుంది, ఏం చేస్తాం. ఇంక ఈ ఇంటికి నేను వస్తూ పోతూ ఉండాల్సిందే."

"ఇది ఏ శాస్త్రంలో ఉంది?" అని ఈశ్వర్ పంతులుగారి వైపు తిరిగాడు. పంతులుగారి నోట్లో లడ్డూ ఉంది. ఆయన పెద్దావిణ్ణి చూశారు, ఆవిడ తన వైపు చూస్తున్న తీరు చూశారు, లడ్డూ మింగారు.

"అమ్మగారు చెప్పాక ఇంక శాస్త్రం కాక ఏమిటి?" అన్నారు.

ఈశ్వర్ అమ్మని చూశాడు, బావని చూశాడు. ఎక్కడో ఏదో జరిగిందని అనుమానం తగిలినట్టే ఉంది. కానీ గురునాథంగారి మొహంలో దారి తప్పిన మనిషి తప్ప ఎవరూ కనపడలేదు. ఆయన తల బాగా దించుకుని ఉన్నారు.

భోజనాల దగ్గర ఆయన్ని ఎవరూ వదల్లేదు. వరి కథ అప్పటికే పంక్తి పంక్తికీ పాకింది. ఆకు ముందు కూర్చుంటే, "బావా, కూర ఇటుంది, పప్పు అటుంది, మిషను పెట్టించమంటావా?" అని ఈశ్వరే మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. గురునాథంగారూ నవ్వారు. ఇంతమంది చేత ఇంతలేసి మాటలనిపించుకుంటూ అన్నం ఇంత రుచిగా ఉండడం ఆయనకి వింతగా తోచింది.

తాయారమ్మగారు తిన్నాక చెయ్యి కడుక్కుని కోడల్ని పిలిచారు. "నీలిమా, కాస్త పాయసం డబ్బాలో పెట్టి ఇవ్వమ్మా. అల్లుడుగారికి షుగరు కదా, అందరి ముందూ తినరు. సాయంత్రం మా ఇంటికెళ్ళాక తింటారు."

"ఎవరింటికి?" అన్నాడు ఈశ్వర్.

"మా ఇంటికేరా."

నీలిమ గట్టి మూత ఉన్న డబ్బా కోసం కొత్త అలమరలన్నీ తెరవడం మొదలుపెట్టింది. గురునాథంగారు తల ఎత్తకుండా, వడ్డించేవాళ్ళని ఆపి, ఇంకాస్త పులిహోర పెట్టించుకున్నారు.